ఒక్క చెట్టు... ఒక్క ముంత!

అమెరికాలో ఒకే పీపా విస్కీని ఘనంగా తూకం వేస్తారు. కృష్ణా డెల్టాలో ఒకే తాడి కల్లును అంతే నిక్కచ్చిగా ఎంచే నాలుకలు తరాలుగా ఉన్నాయి. ఆ విద్యా, ఆ చెట్లూ, ఆ చెట్లెక్కే మనుషులూ ఒకేసారి కనుమరుగవుతున్నారు.

నాగాయలంక దాటి సముద్రం వైపు సాగే దారి. మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. మినపచేల గట్టు మీద వరసగా తాళ్లు. ఒక చెట్టు మొవ్వులోంచి కత్తి గీస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. కాసేపటికి నడుముకు మోకు, భుజాన కుండలతో గీత కార్మికుడు దిగాడు. కింద ఎదురుచూస్తున్న నలుగురిలో పెద్దాయన తాటాకు దొన్నె పట్టాడు. పోసింది వెంటనే తాగలేదు. వెలుతురుకు ఎత్తి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క గుక్క నోట్లోకి తీసుకుని, నాలుక మీద తిప్పి, నిదానంగా మింగాడు.

“ఇది కాలవగట్టు చెట్టుది కాదురా. దిబ్బ మీద జంట తాళ్లున్నాయే, అందులో తూర్పుదానిది.”

“అవును బాబాయ్. ఎట్టా కనిపెట్టావ్?”

“ఏళ్ల తరబడి తాగుతున్నా. ఆమాత్రం తెలీదంట్రా!”

పెద్దాయనకు ఆ తీర్పు మామూలు మాట. అదే పని గాజు గ్లాసులతో, మార్కుల పట్టికతో చేస్తే ప్రపంచం దాన్ని గొప్ప కళ అంటుంది. మనం మాత్రం తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లేనని తీసిపారేసి, ఆ చెట్టు కింద ఉన్న చదువును చూడలేకపోయాం.

ఇప్పుడెందుకీ మాట?

2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులోనూ, విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలోనూ నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకటే చర్చ: సీసాలో ఉన్నది అసలుదో కాదో తేలేదెలా? సీసా మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చూసుకోమని ప్రభుత్వం సురక్ష యాప్ తెచ్చింది. అంతకు మూడు నెలల ముందు, జూలైలో, హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో బోర్బన్ విస్కీ మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. సంక్రాంతికి అమెరికా నుంచి గుడివాడ వచ్చే పిల్లల పెట్టెల్లో కనిపించే ఆ సీసాలు ఇక మన దుకాణాల్లోనూ పెరుగుతాయి.

ఈ మూడు వార్తల వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న. తాగేది ఎక్కడిది, ఎవరి చేతిది, అసలు రుచి ఏది? కృష్ణా డెల్టా దిగువన, బందరు నుంచి దివిసీమ దాకా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనుషులు ఇంకా ఉన్నారు.

పీపాకో రుచి, తాడికో రుచి

ముందు ఆ దూరదేశపు సంగతి. బోర్బన్ అమెరికా విస్కీ. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలి గోడలు మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలి. ఎక్కువ భాగం కెంటకీ రాష్ట్రంలో తయారవుతుంది. మామూలుగా ఎన్నో పీపాల సరుకును కలిపి, ఏటా ఒకే రుచి వచ్చేలా సీసాల్లో నింపుతారు. సింగిల్ బ్యారెల్ అలా కాదు. ఒక పీపాలోది మరో దానితో కలవదు. 1984లో ఎల్మర్ టి. లీ అనే నిపుణుడు ‘బ్లాంటన్స్’ పేరుతో ఈ పద్ధతిని బజారుకెక్కించాడు. గోదాములో పై అంతస్తు పీపాకు వేడి ఎక్కువ, కింది దానికి తక్కువ. పక్కపక్కన పెట్టినవి కూడా ఒకేలా ఉండవు. అందుకే ఆ సీసా మీద పీపా నంబరు రాస్తారు. రుచి చూసేవారు రంగు, వాసన, నాలుక మీది తొలి తాకిడి, మింగాక గొంతులో నిలిచే రుచి అని వరస పెట్టి తీర్పు చెబుతారు.

ఇప్పుడు మన గట్టు మీదికి రండి. తాడిలో పోతు వేరు, పండుతాడి వేరు. పోతుతాడి గెలల్ని కట్టగట్టి, నొక్కి, కొస చెక్కితే రసం కారుతుంది. పండుతాడికి కాయ ముదరక ముందే గెలను గీస్తారు. రెండింటి రుచీ ఒకటి కాదని చెట్టెక్కేవాళ్లంతా చెబుతారు. ఏది మేలన్న దాని మీద మాత్రం ఊరూరా వాదనే. కాలవ నీళ్లు అందే చెట్టు కుండ నిండా ఇస్తుందనీ, కల్లు మాత్రం పలచననీ అంటారు. ఎండిన దిబ్బ మీద చెట్టు తక్కువే ఇచ్చినా చిక్కగా ఇస్తుందంటారు. ఉప్పుగాలి తగిలే హంసలదీవి వైపు చెట్టుకూ, గుడివాడ నల్లరేగడి గట్టు మీది చెట్టుకూ తేడా చెప్పగలిగినవాళ్లున్నారు. ఏ చెట్టు కుండ ఆ చెట్టుదిగానే దించి, కలపకుండా పోసినంతకాలం ఈ లెక్క నిలుస్తుంది. అన్నీ ఒక డబ్బాలో పోశాక నాలుక చెప్పగలిగేది పెద్దగా ఉండదు.

పీపా నంబరు లాంటిది మన తాళ్లకూ ఉండేది. మద్రాసు రాజధానిలో 1886 ఆబ్కారీ చట్టం కింద చెట్టు పన్ను కట్టిన తాళ్లకు గుర్తు వేసేవారు. సర్కారు దాన్ని పన్ను కోసం వేసింది. అదే పద్ధతిలో రుచి కోసమూ, నమ్మకం కోసమూ నంబరు వేయాలని ఎవరికీ తోచలేదు.

ఏళ్లు కాదు, గంటలే లెక్క

బోర్బన్ గొప్పతనం ఏళ్లలో ఉంది. కల్లు గొప్పతనం గంటల్లో ఉంది. గెల నుంచి అప్పుడే జారిన రసంలో సుమారు 10 నుంచి 12 శాతం చక్కెర ఉంటుంది. అది నీరా, మత్తు ఉండదు. గాలిలో, కుండలో, వాలిన పురుగుల మీద ఉన్న ఈస్టు, బాక్టీరియా ఆ క్షణం నుంచే పని మొదలుపెడతాయి. చక్కెర ఆల్కహాలుగా మారుతుంది. లాక్టిక్ ఆమ్లం పులుపు తెస్తుంది. రోజు తిరిగేసరికి ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది. ఆ తర్వాత ఎసిటిక్ ఆమ్లం పైచేయి సాధిస్తుంది. ఇక అది వెనిగరు.

అందుకే కల్లును ఎంచేవాడికి గడియారం కూడా తెలియాలి. పొద్దుటి కుండలో తీపి ముందుంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపీ పులుపూ సమానమవుతాయి. మాపటికి పులుపు ముదిరి ఘాటు మిగులుతుంది. చలి రాత్రి కారిన రసం నిదానంగా పులుస్తుంది. వైశాఖపు ఎండలో పూటలోనే తిరిగిపోతుంది. ఒకే చెట్టు ఒకే రోజు మూడు రుచులిస్తుంది. ఏది ఏ వేళదో చెప్పలేనివాడు ఆ చెట్టు గురించి తీర్పు చెప్పలేడు.

కుండలో ఉంది కిటుకు

విస్కీకి పీపా చేసే పనిని కల్లుకు మట్టికుండ చేస్తుంది. రోజూ వాడే కుండ గోడల్లో ఈస్టు కాపురం ఉంటుంది. కొత్త రసం పడగానే పులియడం అందుకుంటుంది. బాగా కడిగి ఎండబెట్టిన కుండలో తీపి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, తాటిబెల్లానికి ఆ రసమే కావాలి. ప్లాస్టిక్ డబ్బాలు తేలికే, పగలవు కూడా. కానీ మట్టి ఊపిరి పీల్చినట్టు ప్లాస్టిక్ పీల్చదు, ఎండకు లోపల వేడెక్కిపోతుంది. పాత కల్లు ప్రియులు ప్లాస్టిక్ వాసన తొలి గుక్కలోనే పట్టేస్తారు.

కత్తి కూడా రుచిలో భాగమే. ప్రతిసారీ గెల కొసను పలచగా చెక్కాలి. మందంగా చెక్కితే గెల తొందరగా అయిపోతుంది. మొద్దు కత్తి వాడితే కొస నలిగి ధార తగ్గుతుంది. రోజుకు రెండు పూటలా ఎక్కి, చేతి ఒడుపుతో అదే గెలను వారాల తరబడి పలికించేవాడే మంచి గీతగాడు. కల్లు బాగుందంటే సగం చెట్టుకు, సగం ఆ చేతికి దక్కాలి.

> బాక్స్: ముంత పరీక్ష
>
> రంగు: అప్పుడే కారిన రసం దాదాపు నీళ్లలా తేటగా ఉంటుంది. తెలుపు వచ్చేది అందులో పెరిగే ఈస్టు, బాక్టీరియాల వల్ల. పసుపు తిరిగినా, బూడిదరంగు కనిపించినా పక్కన పెట్టాలి.
>
> నురగ: సన్న బుడగలు పుడుతూ, చితుకుతూ ఉండాలి. సబ్బు నురగలా కదలకుండా నిలిచిపోతే అనుమానించాలి.
>
> వాసన: ముంజెను తలపించే పచ్చివాసన, వెనక కాస్త పులుపు. ముక్కు అదిరే వెనిగరు వాసన వస్తే దాని వేళ దాటినట్టే.
>
> నాలుక: ముందు తీపి, తర్వాత పులుపు, చివర వగరు. మూడూ ఒకదాని వెనక ఒకటి రావాలి.
>
> గొంతు: మింగాక రుచి శుభ్రంగా తగ్గాలి. చేదు మిగిలినా, నాలుక మొద్దుబారినట్టనిపించినా రెండో గుక్క వద్దు.
>
> గంట తర్వాత: అదే ముంతను మళ్లీ రుచి చూడాలి. అసలు కల్లు మారి తీరుతుంది. ఈస్టు శాకరిన్‌ను తినలేదు కాబట్టి అది కలిపిన తీపి అలాగే ఉండిపోతుంది.

ఈ తీరం చూసిన చరిత్ర

బందరు రేవు ప్రపంచానికి తెలిసింది కలంకారీ బట్టతోనే కాదు. 1611లో ఆంగ్లేయుల ఓడ ‘గ్లోబ్’ ఇక్కడికొచ్చింది. డచ్చివాళ్లు అంతకు ముందే ఉన్నారు. రేవుల్లో దిగిన నావికులకు ఇంటి నుంచి తెచ్చుకున్న బీరు, వైను అయిపోతే దొరికింది తాటి, కొబ్బరి కల్లులూ, వాటిని కాచి తీసిన సారా. అవే వాళ్ల పానీయాలయ్యాయి.

స్వరాజ్య ఉద్యమ కాలంలో కాంగ్రెస్ కార్యకర్తలు కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేశారు. మద్యం కాపురాలు కూల్చడం కళ్లారా చూసిన తరం అది. వాళ్ల ఆవేదనలో నిజం ఉంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి మద్యనిషేధం అంతటా అమలైంది. చెట్టే ఆధారమైన కుటుంబాలు వీధినపడ్డాయి. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో నిషేధంపై వేసిన రామమూర్తి కమిటీ సిఫారసుల గొడవే ముదిరి, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక ముఖ్యమంత్రి పదవి తాటిచెట్టు దగ్గర తేలిపోయిన సందర్భం దేశంలో మరొకటి దొరకడం కష్టం.

తర్వాత కథ మనకు దగ్గరిది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టి, 1983లో గుడివాడ నుంచే గెలిచిన ఎన్టీ రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. తర్వాతి ప్రభుత్వం 1997లో దాన్ని ఎత్తేసింది. ఈ రాకపోకలన్నిటిలో కల్లు ఒకసారి పాపమైంది, ఒకసారి ఓటయింది, ఒకసారి పన్నయింది. అది ఒక పంట అనీ, దానికొక నాణ్యత ఉంటుందనీ ఏ ప్రభుత్వమూ గట్టిగా చెప్పలేదు.

> బాక్స్: పంచ్‌కు మన తీరంతో చుట్టరికం
>
> ప్రపంచమంతా విందుల్లో తాగే పంచ్ గురించి దొరికే తొలి రాతల్లో ఒకటి 1632 నాటి ఉత్తరం. ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకడు పెట్టపొలిలోని తోటి ఉద్యోగికి దాన్ని రాశాడు. పెట్టపొలి అంటే కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న నేటి నిజాంపట్నం. ఆ మిశ్రమం జోలికి పోవద్దని అందులో హెచ్చరించాడు. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సుగంధ ద్రవ్యం కలిపితే అప్పటి పంచ్.

ఉప్పెనకు నిలిచి, గొడ్డలికి కూలి

1977 నవంబరు 19. దివిసీమ మీద సముద్రం విరుచుకుపడిన రోజు. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలాది మంది చనిపోయారు. చెట్లను కావలించుకుని, తాళ్ల మొవ్వుల్లో చిక్కుకుని బతికి బయటపడ్డవాళ్లు ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు చెట్టును మనిషిని తలచుకున్నట్టే తలచుకుంటారు. సుడిగాలికి ఊగి నిలబడగల చెట్టు తాడి. ఇసుకను, గట్టును పట్టుకునే వేరు దానిది.

ఆ చెట్టు ఇప్పుడు గాలికి కాదు, లెక్కకు పడిపోతోంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు, బోదెల గట్ల మీద తాళ్లు వరసలు తీరాయి. గుడివాడ, ముదినేపల్లి, బంటుమిల్లి వైపు పొలాలు చేపల చెరువులుగా మారినప్పుడు పాత గట్లు పోయాయి, వాటితో తాళ్లూ పోయాయి. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు చుట్టుపక్కల నేలను మార్చాయి. ఇటుక బట్టీలకు తాటి దుంగ చవకైన వంటచెరకు. తాటాకు ఇళ్లు పోయి శ్లాబులు వచ్చాక దూలానికీ, ఆకుకూ అక్కర తగ్గింది. నాటిన టెంక గీతకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. కొట్టడానికి ఒక పూట చాలు.

మనుషుల లెక్క ఇంకా కష్టం. అరవై అడుగుల ఎత్తున, మోకు జారితే దిక్కులేని పని. చెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికుడు ఆ వృత్తి ఉన్న ఊళ్లన్నిటా కనిపిస్తాడు. ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికిచ్చే సాయాన్ని ఆంధ్రప్రదేశ్ 2022లో 10 లక్షల రూపాయలకు పెంచింది. చెట్టెక్కేవాళ్ల కోసం తెలంగాణ 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంలో 10 శాతం దుకాణాలు గీత కులాలకు కేటాయించారు. అది న్యాయమైన వాటా. అయితే దుకాణం దక్కిన కుర్రాడు సీసాలు అమ్ముతాడు, చెట్టెక్కడు. తండ్రికి తెలిసిన చెట్ల రుచులు తండ్రితోనే ఆగిపోతాయి.

నాలుకకు అందని విషం

ఇక్కడ ఒక నిజం గట్టిగా చెప్పాలి. ఎంత ఆరితేరిన నాలుకైనా మత్తుమందును పట్టలేదు. కల్తీకల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కొద్ది మోతాదులోనే మనిషిని పడగొడతాయి. ఆ మందులకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానినా వణుకు, మూర్ఛ వస్తాయి. కల్లులో ఆ మందులున్నాయో లేదో తేల్చేది ప్రయోగశాల ఒక్కటే. చెట్లు తగ్గి, గిరాకీ తగ్గనిచోట పొడి, నీళ్లు, శాకరిన్ కలిసి కల్లు పేరు పెట్టుకుంటాయి. చెట్టు కళ్లెదుట లేని కల్లును నమ్మకూడదనడానికి కారణం అదే.

అసలు కల్లు కూడా మద్యమే. ఏ మోతాదులోనూ ఆల్కహాలు ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రుచి చూడటం వేరు, మునిగిపోవడం వేరు. విస్కీ న్యాయనిర్ణేతలు గుక్క తీసుకుని ఉమ్మేస్తారు. మన గట్టు మీద చెట్టును ఎంచే పెద్దలు కూడా రెండు గుక్కలతోనే మాట చెబుతారు. ఇంటి కూలి డబ్బు కల్లుపాకకు చేరిన చోట రుచి గురించి మాట్లాడే హక్కు ఎవరికీ ఉండదు.

నిలబెట్టుకోవాల్సింది ఇదీ

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. మామిడిలో మేలైన తల్లిచెట్టును గుర్తించి అంటు కడతాం. తాడిలోనూ తీపి, దిగుబడి బాగున్న చెట్లను చెట్టెక్కేవాళ్లనే అడిగి గుర్తించాలి. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటి మీద ఏళ్లుగా పనిచేస్తోంది. దాని కృషి దివిసీమ గట్ల దాకా రావాలి. చెట్టుకు నంబరు, కుండకు అదే నంబరు, అమ్మేచోట గీసినవారి పేరు ఉండాలి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ వచ్చింది. అలాంటిదొకటి మంగినపూడి బీచికి వచ్చే జనం కోసం బందరులో ఉంటే మత్తులేని తీపి రసానికీ, తాటిబెల్లానికీ గిరాకీ పుడుతుంది. ఎక్సైజ్ శాఖ కల్లు నమూనాల ఫలితాలు ఊళ్లోనే చదివి వినిపించాలి. మోకు బదులు భద్రమైన పరికరం ప్రతి గీత కార్మికుడికీ అందాలి.

మిగిలింది మన వంతు. కల్లు తాగేవారు ఏ చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు రాకపోతే దొన్నె కింద పెట్టేయండి. తాగనివారు మీ గట్టు మీది తాడిని ఇటుక బట్టీకి అమ్మకండి. శ్రావణ భాద్రపదాల్లో రాలిన తాటిపండు తిన్నాక టెంకను పారేయకుండా కాలవగట్టున పాతండి. అది గీతకు వచ్చేనాటికి మీ పిల్లలు పెద్దవాళ్లవుతారు. వాళ్లకు ఆ చెట్టు ఉండాలంటే టెంక ఈ ఏడే నేలలో పడాలి.